చినుకు చెవిలో గింజ

విదియ. పొద్దున ఆటు.

గాలిపాట, అంటే స్పీకర్లలో బయటికి పాట పెట్టే లైసెన్సు ఉన్నవాడు రోజూ ఏం వినిపించాడో రాసిపెట్టాలని రూలు. మంచెలపేట మొత్తానికి ఆ లైసెన్సు నా ఒక్కడికే ఉంది. నేను రాసింది ఇంతవరకూ ఏ ఆఫీసరూ అడిగి చూడలేదు కాబట్టి తోచిందల్లా రాస్తుంటాను. నా పేరు గవర్రాజు. పాత ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, టేపు రికార్డర్లు బాగుచేస్తాను. బాగుచేయించుకునేవాళ్ళు ఎవరూ లేరు కనుక నావి నేనే బాగుచేసుకుంటుంటాను.

పొద్దున్నే మొదటి పని ఉప్పు గీకడం. ఇళ్ళన్నీ సముద్రం మీద మంచెలెక్కి కూర్చున్నాక, రాగి అనేది ఎక్కడున్నా తెల్లారేసరికి ఉప్పు పూస్తుంది. స్పీకరు తీగల కొసలు గరుకు కాగితంతో రుద్ది, నిమ్మచెక్కతో తుడిచి ఆరబెట్టాను. తర్వాత వాల్వు ఆంప్లిఫయరు స్విచ్చి వేసి, గాజుబుడ్లు ఎర్రబడేదాకా కాఫీ తాగుతూ కూర్చున్నాను. ఈ కాస్త సేపూ నాకు పూజ చేసుకున్నంత తృప్తి.

ఇవాళ నా బెంచీల మీదికి వచ్చింది ముగ్గురు. లాలిపాట టేపు స్పూలు వేశాను. పాడినావిడ పేరు డబ్బా మీద చెరిగిపోయింది. పాట అయ్యాక ముగ్గురికీ తగువు. ఒకాయనకి వెనక వీణ వినబడిందట. ఒకావిడకి ఫ్లూటు. మూడో ఆయనకైతే అసలు పాడిందే మగవాడట. ఎవరి చెవిలో అమర్చిన వినికిడి గింజ వాళ్ళ మనసెలా ఉందో చూసుకుని పాటను అలా వండి పెడుతుంది మరి. ఒకే పాట పదిమందికి ఒకేలా వినబడిన రోజులు మా తాత చూశాడట. నా స్పీకర్లలో ఉన్న తీపి ఏ గింజకీ రాదని నేను ముగ్గురితోనూ వాదించి పంపాను. నా చెవిలోనూ గింజ ఉందనుకోండి, అది వేరే సంగతి.

వాళ్ళు వెళ్ళగానే మా చెల్లెలు హంసవేణి పిల్లను చంకనేసుకుని వచ్చింది. పేటలో ఏ పెళ్ళికైనా పాట హంసవేణిదే. వినడానికి పక్క పేటల నుంచి కూడా పడవ బస్సెక్కి వస్తారు. దాని కూతురు చినుక్కి మరో వారంలో ఏడాది నిండుతుంది.

"అన్నయ్యా, దశమినాడు చినుక్కి గింజ పెట్టిస్తన్నాం. పొద్దుటి పోటుకే ముహూర్తం. ఒడి నీదే. ఆ ఉప్పు గీకే లుంగీతో వచ్చేవు, కొత్త పంచె కట్టుకుని రా."

వెనకటికి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టించేవారట. ఇప్పుడు మేనమామ ఒళ్ళోనే గింజ పెట్టిస్తారు. మేనమామ ఒడి లేకుండా గింజ పడిన పిల్ల పేటలో లేదు. నాకు పెళ్ళీ పెటాకులూ లేవు. నా వల్ల ఈ లోకానికి జరగవలసిన శుభకార్యం ఇదొక్కటే కనుక బోలెడు గర్వపడ్డాను.

"నువ్వేంటే అలా దిగాలుగా ఉన్నావు?" అన్నాను.

"ఊరందరూ నా పాటకి తలలూపుతారు. నా పిల్ల మాత్రం నేను లాలి ఎత్తుకుంటే చాలు, మొహం తిప్పేసుకుంటది. గుడ్డ నీలమైపోద్ది. గింజ పడితే సర్దుకుంటదన్నాడు గింజలు పెట్టే సూరన్న. అందుకే ఒక్క రోజు కూడా ఆగను."

గుడ్డ అంటే పిల్లల మెడలో కట్టే కన్నీటి గుడ్డ. తడి తగిలితే నీలమవుతుంది. గుడ్డ నీలమైతే పిల్ల ఏడుస్తోందని తెలుస్తుంది. చినుకు గుడ్డ ఉతకడానికి వాళ్ళింట్లో ప్రత్యేకంగా ఒక బకెట్టే ఉంది.

చవితి. పెద్ద పోటు.

మంచె కింద తాడు వదులైతే బిగించడానికి దిగాను. కెరటం వచ్చి చెంప మీద కొట్టినట్టు కొట్టింది. చెవిలోకి ఉప్పునీళ్ళు పోయాయి. మధ్యాహ్నానికి చెవి పోటు, జ్వరం. పడవ బస్సెక్కి గింజల సూరన్న దగ్గరికి పోయాను. పేటలో అందరికీ గింజలు పెట్టేదీ, తీసేదీ, తుడిచి మళ్ళీ పెట్టేదీ అతనే.

సన్నటి పటకారుతో రెండు చెవుల్లోంచీ గింజలు తీసి, గిన్నెలో బియ్యం పోసి అందులో పెట్టాడు. "చెవి ఆరేదాకా ఇయ్యి ముట్టుకోకండి. దూది పెట్టుకోండి. కాస్త గోలగా ఉంటది, కంగారు పడకండి," అన్నాడు.

కంగారు కాదు, నేను అతని కుర్చీలోంచి పడబోయాను. చెక్కలు మూలుగుతున్నాయి. కింద నీళ్ళు దబదబా కొడుతున్నాయి. పేట మంచినీళ్ళ పంపు ఎవర్నో కోస్తున్నట్టు అరుస్తోంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ పంపు పక్కనే బతికాను, అది గుడిగంటలాగా గణగణలాడుతుందనుకున్నాను. బయటి చప్పుడంతా గింజను దాటుకునే లోపలికి రావాలని తెలుసు. అది ఇంత పని చేసి పంపిస్తోందని తెలియదు.

వచ్చేటప్పుడు పడవ బస్సులో మనుషుల్ని విన్నాను. ఒకడు పక్కవాడి మొహంలో మొహం పెట్టి గావుకేకలు వేస్తున్నాడు, పక్కవాడు చిరునవ్వుతో వింటున్నాడు. ఇంకొకావిడ కేవలం పెదాలు కదుపుతున్నట్టుగా గొణుగుతోంది, ఆవిడ భర్త అన్నిటికీ సరిగ్గానే జవాబు చెబుతున్నాడు. ఎంత గట్టిగా అన్నా, ఎంత మెల్లగా అన్నా అవతలివాడి గింజ సరిచేస్తుంది కాబట్టి, ఎంత గొంతుతో మాట్లాడాలో ఎవరూ నేర్చుకోలేదు. నేనూ అలాగే ఏదో చేస్తూ ఉంటానని తోచి, దిగేదాకా నోరు మూసుకుని కూర్చున్నాను.

పంచమి.

ఇవాళ రాసేది చదివి ఏ ఆఫీసరైనా నా లైసెన్సు రద్దు చేసినా నాకు అభ్యంతరం లేదు.

దూది తీసి, నొప్పి తగ్గిన చెవితో నా ఆంప్లిఫయరు విందామని కూర్చున్నాను. గింజ లేకుండా, మొట్టమొదటిసారి, నిజంగా. స్విచ్చి వేయగానే బుర్రుమని మోత. పాట మొదలుపెడితే పాట కన్నా మోతే ఎక్కువ. ఎడమ స్పీకరు కోను చిరిగి, ఆవిడ గొంతు పెంచినప్పుడల్లా ఎండుటాకు తొక్కినట్టు బరబరలాడుతోంది. కుడి స్పీకరు అసలు పలకడమే లేదు.

ఇన్నేళ్ళూ నేను గింజ పెట్టుకునే వీటి శ్రుతి చూసుకున్నాను. ఒక తీగ మార్చి "ఆహా", ఇంకో తీగ మార్చి "ఓహో" అనుకున్నాను. నేను ఏం చేసినా గింజ దాన్ని తేనె చేసి పోసింది. బెంచీల మీద కూర్చున్నవాళ్ళకీ అంతే. చచ్చిన స్పీకరు ముందు కూర్చుని వీణా ఫ్లూటూ అని కొట్టుకున్నారు. వాళ్ళకి నేను తీపి గురించి ఉపన్యాసం ఇచ్చాను. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రోజంతా పని చేశాను. ఉబ్బిపోయిన కెపాసిటర్లు తీసి కొత్తవి వేశాను. చిరిగిన కోనుకు పల్చటి పట్టు ముక్క జిగురుతో అతికించాను. కుడి స్పీకరుకి లోపల తీగ తెగింది, ఎప్పుడు తెగిందో ఆ దేవుడికే తెలియాలి. ప్రతిదీ చేశాక వినడం, మళ్ళీ విప్పడం. వినడమంటే ఏమిటో నా వృత్తిలో ఇవాళే తెలిసింది.

సాయంత్రానికి మోత పోయింది. లాలిపాట వేశాను. ఆవిడ పాడటానికి ముందు ఊపిరి పీల్చుకుంది. గింజ ఆ ఊపిరిని ఎప్పుడూ నాకు వినిపించలేదు. రెండో చరణంలో గొంతు కొంచెం బొంగురుపోయింది, అక్కడ ఆవిడ ఆగి, మింగి, మళ్ళీ ఎత్తుకుంది. ఒక మనిషి గదిలోకి వచ్చి కూర్చున్నట్టు ఉంది. నేను ఏడ్చాను. రాసుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

సప్తమి.



హంసవేణి వాళ్ళాయన నూకరాజు వలల పని మీద పోతూ, తల్లినీ పిల్లనీ నా దగ్గర దింపి వెళ్ళాడు. నేను లోపల కాఫీ కలుపుతున్నాను. బయట ఏదో అరుపు. చెయ్యి మరలో పడితే మనిషి అరుస్తాడే, అలాంటి అరుపు. గిన్నె వదిలేసి పరిగెత్తాను.

హంసవేణి బెంచీ మీద కూర్చుని, చినుకును ఒళ్ళో వేసుకుని నవ్వుతూ జోకొడుతోంది. అరుస్తున్నది చినుకు. మొహం కందిపోయింది. ఊపిరి తిరగడం లేదు. ఊపిరి అందినప్పుడల్లా మళ్ళీ అదే అరుపు.

"ఏమైందే? ఎక్కడ తగిలింది?" అన్నాను.

"ఏం తగల్లేదు. లాలి ఎత్తుకున్నాను, మళ్ళీ మొదలెట్టింది నీ మేనకోడలు. చూడు, పిల్లి కూనలా ఎలా కూస్తందో," అంది ముద్దుగా.

పిల్లి కూన. నా చెవులు దిమ్మెక్కుతున్నాయి, దానికి పిల్లి కూన వినబడుతోంది. నాకూ మొన్నటిదాకా అదే వినబడేది. చినుకు గొంతు చాలా మెత్తనిదని, పెద్దయ్యాక తల్లిలా పాడుతుందని నలుగురిలో చెప్పింది నేనే.

హంసవేణి పిల్లను ఊరుకోబెడదామని మళ్ళీ పాట అందుకుంది. దాని పాట నేను గింజ లేకుండా వినడం అదే మొదలు. అందులో స్వరం లేదు. పైకి వెళ్ళవలసిన చోట గట్టిగా అరవడం, కిందికి రావలసిన చోట గొణగడం, అంతే. అంతా ఒక్క చోటే తిరుగుతోంది, రంపం కర్రలో ఇరుక్కున్నట్టు. కళ్ళు మూసుకుని, చేత్తో తాళం వేస్తూ, ఎంతో ప్రేమగా పాడుతోంది. పిల్ల ఆ పాట విని భయపడి చస్తోంది.

నేను గబగబా వెళ్ళి స్పూలు వేశాను. ఆవిడ గొంతు స్పీకర్లలోంచి రాగానే చినుకు ఏడుపు ఆపేసింది. ఎక్కిళ్ళు పెడుతూ అటు తిరిగింది. కాసేపటికి "ఉఁ" అని మొదలుపెట్టింది. పాట ఆగే చోట తనూ ఆగింది. ఆ "ఉఁ" పాటలోని స్వరంలోనే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు.

"బావుంది, నీ పెట్టె వింటది కానీ నన్ను వినదు," అని హంసవేణి మొహం చిన్నబుచ్చుకుంది. నేను స్పూలు మళ్ళీ మొదటికి తిప్పాను.

అష్టమి.

హంసవేణికి పాట రాదేమో కానీ నాకు వచ్చు కదా, పిల్లకి నేనే పాడదామనుకున్నాను. చిన్నప్పటి నుంచి స్నానాల గదిలో పాడేవాడిని, అద్భుతంగా ఉండేది. మైకు పెట్టుకుని టేపు రికార్డరు తిప్పి, అదే లాలి పాడాను. పాడుతుంటేనే ఏదో తేడాగా తోచింది. చెవి ఇంకా వాచి ఉంది, అందువల్ల అనుకున్నాను. టేపు వెనక్కి తిప్పి విన్నాను. మోటారు సరిగా తిరగడం లేదనుకున్నాను. విప్పి నూనె వేశాను. హెడ్డు తుడిచాను. మళ్ళీ పాడాను, మళ్ళీ విన్నాను. మోటారు బాగానే తిరుగుతోంది. ఆ రంపం నేనే.

పడవేసుకుని సూరన్న దగ్గరికి పోయాను. గింజ మళ్ళీ పెట్టించుకోవడానికి వచ్చాననుకుని కుర్చీ తుడిచాడు. నేను కూర్చోకుండా అడిగాను, పిల్లల ఏడుపు గింజ ఎందుకు తగ్గిస్తోందని.

"అది మొదట్నించీ ఉన్నదేనండి," అన్నాడు సూరన్న తాపీగా. "మంచెలెక్కిన కొత్తలో ఇళ్ళు ఇరుకు. పక్కింటి పిల్ల ఏడిస్తే నిద్దర్లేదని జనమే అడిగారంట. గింజలు చేసేవోళ్ళు తగ్గించారు. తర్వాత పెంచమని ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారండి? గుడ్డ ఉంది కదా చూసుకోడానికి."

"మరి పాట?"

"పాటేంటండి?"

"ఎవడికీ పాడటం రాదు సూరన్నా. నాకూ రాదు. మా హంసవేణికీ రాదు. మన గొంతు మనకి ఎన్నడూ వినబడలేదు. తప్పు వినబడితే కదా దిద్దుకునేది?"

అతను పటకారు తుడుస్తూ విన్నాడు. చెడ్డవాడు కాదు. "ఎవరికి వాళ్ళకి బాగానే వినబడతంది కదండి. ఎదటోళ్ళకీ బాగానే వినబడతంది. ఇందులో నష్టం ఎవరికండీ?" అన్నాడు.

నష్టం ఎవరికో నాకు తెలుసు. గింజ లేనివాళ్ళు పేటలో చంటిపిల్లలు మాత్రమే. పుట్టిన దగ్గర్నుంచి ఏడాదిదాకా వాళ్ళు మమ్మల్ని ఉన్నదున్నట్టు వింటారు. భయపడి గొంతు చించుకుని అరుస్తారు. ఒక్కరికీ వినబడదు. ఏడాది నిండగానే మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, వాళ్ళూ ఇక ఎవర్నీ వినకుండా చేస్తాం. నేనూ అలాగే అరిచి ఉంటాను. మా అమ్మ కూడా నవ్వుతూ జోకొట్టి ఉంటుంది.

సూరన్న గింజల గిన్నె ముందుకు జరిపాడు. వద్దని చెప్పి వచ్చేశాను.

నవమి.

ఇవాళ హంసవేణితో చెప్పాను. చెప్పిన తీరు బాగాలేదు. మంచి తీరు ఏదైనా ఉందేమో నాకు తెలియదు.

భార్యాభర్తలిద్దరూ రేపటి వేడుకకి బెంచీలు అడగడానికి వచ్చారు. చినుకు నేల మీద దుప్పటిలో కూర్చుని, తీగ ముక్కతో ఆడుకుంటోంది.

"అమ్మలూ, చినుక్కి గింజ వద్దు," అన్నాను.

"వద్దంటే?"

"నేను ఒడి ఇవ్వను."

నూకరాజు బెంచీ ఎత్తబోయినవాడు కింద పెట్టేశాడు. "బావగారూ, అది అనకూడని మాటండి," అన్నాడు. అతను సాధువు. అతని నోట ఆ మాట వచ్చిందంటే ఎంత నొచ్చుకున్నాడో అర్థమైంది.

హంసవేణి నా మొహంలోకి చూసింది. "ఏం తప్పు చేశానన్నయ్యా? పిలుపు సరిగా లేదా? చెప్పు, మళ్ళీ పసుపూ కుంకం పెట్టి పిలుస్తాను."

"పిలుపు కాదే. నీ పాట గింజలో ఉంది, నీ గొంతులో లేదు. నా పాటా అంతే. గింజ తీసేశాక విన్నాను. పిల్లకి ఉన్నదున్నట్టు వినబడుతోంది, అందుకే ఏడుస్తోంది."

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం కూడా వచ్చింది. "నా పాట విని నా పిల్ల ఏడుస్తందంటావా? చెవిలో చీము పట్టి నీకేదో వినబడితే, నా గొంతు మీద పెడతావా? పేటలో ఒక్కడ్ని తీసుకురా, హంసవేణికి పాట రాదని చెప్పేవోణ్ణి."

సాక్ష్యం ఎక్కడి నుంచి తేను? దాని పాట టేపు మీద పట్టి వేసినా దానికి అమృతంలానే వినబడుతుంది. పేటంతా పిలిచి అడిగినా అమృతమనే అంటారు. నేను ఏ చప్పుడు చూపించినా అది గింజలో పడి తేనె అయిపోతుంది. నిజం దాని చెవిలోకి పోవడానికి దారే లేదు.

మా అరుపులకి బెదిరి చినుకు ఏడుపు ఎత్తుకుంది. అదే అరుపు. నేను రెండు చెవులూ మూసుకున్నాను. వాళ్ళిద్దరూ ఆ అరుపు మీదుగానే నాతో మాట్లాడుతూ పోతున్నారు. నూకరాజు ఏదో నచ్చచెబుతున్నాడు. ఒక్క మాటా నాకు వినబడటం లేదు.

నాకు పిచ్చెక్కినట్టయింది. మైకు లాక్కొచ్చి చినుకు ముందు పెట్టాను. టేపు రికార్డరు మీద గాజుబిళ్ళ వెనక ముల్లు ఒకటి ఉంటుంది. చప్పుడు ఎంతుంటే అంత పైకి లేస్తుంది. చివర ఎర్రగీత. ముల్లు ఒక్క ఊపున లేచి, ఎర్రగీత దాటి, చివరి మేకుకు కొట్టుకుని అక్కడే ఉండిపోయింది.

"చెవితో వద్దు. కళ్ళతో చూడు," అని హంసవేణిని లాగి రికార్డరు ముందు కూర్చోబెట్టాను.

చినుకు ఊపిరి కోసం ఆగినప్పుడు ముల్లు పడిపోయింది. మళ్ళీ అరిచినప్పుడు మళ్ళీ మేకుకు కొట్టుకుంది. హంసవేణి ముల్లును చూసింది, పిల్లను చూసింది. పిల్ల నోరు తెరిచినప్పుడే ముల్లు లేస్తోంది.

"పాడైపోయిందేమో," అంది.

"మాట్లాడు, చూద్దాం."

మైకు దగ్గరికి తెచ్చుకుని, "హలో" అంది. ముల్లు సగానికి వచ్చి దిగింది. గట్టిగా అంది. ఇంకొంచెం లేచింది. అప్పుడు మెడ నరాలు ఉబ్బేలా, ఉన్న సత్తువంతా పెట్టి అరిచింది. నూకరాజు భయపడి దగ్గరికి వచ్చాడు. ముల్లు ఎర్రగీత దాకా వచ్చింది కానీ దాటలేదు.

దానికి ఆయాసం వచ్చింది. మైకు మళ్ళీ పిల్ల వైపు పెట్టింది. మేకుకు కొట్టుకున్న ముల్లును చాలాసేపు చూసింది.

"ఇంత అరుస్తందా ఇది?"

"ఇంతా అరుస్తోంది."

"ఎప్పట్నుంచీ?"

అది పిల్లను ఎత్తుకుని, నీలంగా తడిసిన గుడ్డను గుప్పిట్లో పట్టుకుని, మెట్లు దిగి పడవెక్కింది. నూకరాజు బెంచీలు తీసుకోకుండానే వెనక వెళ్ళాడు. రేపు ఏం జరుగుతుందో నాకు తెలియదు. వెళ్ళి నా నోటితోనే ఒడి ఇవ్వనని మళ్ళీ చెప్పాలి, నలుగురిలోనూ. మా రక్తసంబంధం అక్కడితో సరి అనుకుంటున్నాను.

దశమి. పోటు తీశాక.

కొత్త పంచె కట్టుకునే వెళ్ళాను. నాకే ఎందుకో తెలియదు.

నూకరాజు ఇంటి ముందు చెక్కల మీద పందిరి. పేటంతా అక్కడే ఉంది. మేళంవాళ్ళు సన్నాయిలు ఎత్తి బుగ్గలు పూరించి ఊదుతున్నారు. వాటికి ఊదితే పలికే పీకలు ఉండవు. పాట గింజలోంచి వస్తుంది, వీళ్ళు ఊదినట్టు కనబడాలంతే. నాకు ఊపిరి బుసలు మాత్రమే వినబడ్డాయి. ఆ బుసలకి జనం తాళం వేస్తూ తలలూపుతున్నారు.

సూరన్న వెండి పళ్ళెంలో బియ్యం మీద చినుకు గింజలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను పీట దగ్గరికి వెళ్ళి, "నేను కూర్చోను" అనడానికి నోరు తెరిచాను. హంసవేణి ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. చినుకును తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. దాని కళ్ళు వాచి ఉన్నాయి. రాత్రి నిద్రపోలేదని తెలుస్తోంది.

"సూరన్నా, ముందు నా చెవిలోయి తియ్యి," అంది.

సూరన్నకి అర్థం కాలేదు. "తల్లికి తీసే ఆనవాయితీ లేదమ్మా."

"నేను ఆనవాయితీ అడగలేదు. తియ్యమన్నాను."

జనంలో గుసగుస మొదలైంది. సూరన్న నూకరాజు వైపు చూశాడు. నూకరాజు తల దించుకుని, తియ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. సూరన్న పటకారు తీశాడు.

ఒక చెవి అయ్యేసరికి హంసవేణి పందిరి రాట పట్టుకుంది. రెండోది కూడా వచ్చాక మొహం తెల్లబోయి, నీళ్ళ వైపు, చెక్కల వైపు, మేళం వైపు బిత్తరగా చూసింది. మెరిసే పటకారు మళ్ళీ పైకి లేవడం చూసి, నా ఒళ్ళో చినుకు జడుసుకుని ఏడుపు లంకించుకుంది.

హంసవేణి తన కూతురి ఏడుపు వినడం అదే మొదటిసారి. ఏడాది పాటు మోసి, పాలిచ్చి, పక్కలో పడుకోబెట్టుకుని, ఇవాళ విన్నది. దెబ్బ తగిలినట్టు వెనక్కి తూలి, మోకాళ్ళ మీద కూలబడింది. "ఏంటన్నయ్యా ఇది. ఏంటిది," అంటూ రెండు చేతులూ చాచింది. పిల్లను ఇచ్చాను. గుండెకు అదుముకుంది. అలవాటు చొప్పున ఊరుకోబెట్టడానికి లాలి ఎత్తుకుంది.

ఒక్క పాదం పాడి ఆగిపోయింది. చేత్తో గొంతు పట్టుకుంది.

"ఇది నాదా?" అంది నాతో.

"నాదీ ఇంతేనమ్మా," అన్నాను. దాని మొహం చూడలేక తల తిప్పుకున్నాను.

అది ఇక నోరు విప్పదనుకున్నాను. పాట ఆగింది కాబట్టి చినుకు కూడా మెల్లగా తగ్గింది. ఎక్కిళ్ళు పెట్టింది. తల్లి పెదాలను వేలితో తాకింది. తర్వాత "ఉఁ" అని ఒక స్వరం పట్టి నిలబెట్టింది.

హంసవేణి ఆ స్వరం కోసం వెతికింది. మొదట గొంతు కిందికి పడింది. చినుకు ఊరుకుని తల్లి నోటి వంక చూసింది, మళ్ళీ "ఉఁ" అంది. ఈసారి తల్లి గొంతు పైకి పోయింది. మళ్ళీ వెతికింది. గొంతు జీరపోయింది, పగిలింది, కీచుమంది. పెళ్ళిళ్ళ హంసవేణి నలుగురి మధ్యా ఒక్క స్వరం కోసం ఏడుస్తూ తడుముకోవడం నేను చూశాను. ఎవరైనా నవ్వుతారేమోనని నా ప్రాణం విలవిల్లాడింది.

ఎవరూ నవ్వలేదు. జనం కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు. నా పక్కన ముసలావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఏం గొంతే తల్లీ, ప్రాణం లేచొస్తంది," అంది. మేళంవాళ్ళు సన్నాయిలు దించి మరీ విన్నారు. వాళ్ళకి ఏం వినబడిందో, ఎన్ని వీణలు మోగాయో నాకు తెలియదు.

ఎన్నోసారికో తెలియదు, హంసవేణి గొంతు వెళ్ళి చినుకు స్వరం మీద కూర్చుంది. ఒక్క క్షణం. రెండు గొంతులు ఒకటైపోయి, ఏది ఎవరిదో తెలియలేదు. స్వరం కలిసిందని హంసవేణికీ తెలిసింది. కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూసింది. వెంటనే స్వరం జారిపోయింది.

అప్పుడే చప్పట్లు మొదలయ్యాయి. సూరన్న పళ్ళెం పట్టుకుని నా దగ్గరికి వంగి, "మరి పాపకి పెట్టమంటారా అండి?" అని అడిగాడు. నేను పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆ చప్పట్లేవీ పట్టించుకోకుండా హంసవేణి పిల్ల నోటి దగ్గర చెవి పెట్టి, మళ్ళీ మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టింది.